మొక్కై వంగనిది, పుర్రెకొక బుద్ధి: ఆటిజమును గూర్చిన ఒక వాదము



ఇట్టి సభలలో సాహిత్యమును గూర్చియో, సంగీతమును గూర్చియో ప్రసంగించుట వాడుక. నేటి విషయము వానికి కొంత దూరమైనట్లు తోచవచ్చును. కాని బిడ్డలు గల ప్రతి ఇంటికిని ఇది దగ్గరి విషయము. మూడేండ్లు నిండినను మాటలు రాని బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని, ఏ వైద్యుని మాట నమ్మవలెనో తెలియక తల్లడిల్లు తల్లిదండ్రులు నేడు ప్రతి ఉద్యోగుల వసతిలోను ఉన్నారు. వారిని ఒక ప్రక్కకు లాగు శాస్త్రజ్ఞులు కొందరు, మరియొక ప్రక్కకు లాగు ఉద్యమకారులు కొందరు. ఆ ఇరుపక్షముల వాదమును నిదానముగా విచారించుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

తెలుగులో రెండు సామెతలు కలవు. “మొక్కై వంగనిది మానై వంగునా” అనునది ఒకటి. “పుర్రెకొక బుద్ధి, జిహ్వకొక రుచి” అనునది రెండవది. మొదటిది శిక్షణను సమర్థించును. రెండవది సహజమైన భేదమును మన్నించును. ఒకే పెద్దమనిషి ఉదయము మనుమనితో మొదటిదానిని, సాయంకాలము కోడలితో రెండవదానిని పలుకుటయు కద్దు. ఆటిజము గల బిడ్డల విషయములో ఈ రెండు సామెతలును రెండు పక్షములై, గత 30 సంవత్సరములుగా పాశ్చాత్య దేశములలో తీవ్రముగా వాదించుకొనుచున్నవి. ఆ వాదపు అలలు ఇప్పుడు మన తీరమును కూడ తాకినవి.

మొదట ఆటిజమనగా నేమి? అమెరికాలోని బాల్టిమోర్ నగరములో లియో కానర్ అను వైద్యుడు 1943లో 11 మంది పిల్లలను గూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. ఆ పిల్లలు ఇతరులతో కలియక తమ లోకములో తాముండిరి. కొందరికి మాట లేదు. కొందరు విన్న మాటనే మరల మరల పలుకుదురు. ఇంటిలోని వస్తువు ఒకటి చోటు మారినను సహింపరు. మరుసటి సంవత్సరము వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ అను వైద్యుడు, మాటలు చక్కగా వచ్చియు కలుపుగోలుతనము లేని బాలురను గూర్చి వ్రాసెను. నేడు ఈ లక్షణములన్నిటిని ఒకే వర్ణపటముగా పరిగణించుచున్నారు. దాని ఒక కొనలో విశ్వవిద్యాలయములలో పాఠము చెప్పువారు ఉన్నారు; మరియొక కొనలో తమ బట్టలు తాము కట్టుకొనలేనివారును ఉన్నారు. ఈ విస్తృతి ఎంతటిదో గుర్తుంచుకొననిచో ముందు చెప్పబోవు వాదము బోధపడదు.

కానర్ వర్ణించిన పిల్లలలో మొదటివాడు మిసిసిపి రాష్ట్రమునకు చెందిన డోనాల్డ్ ట్రిప్లెట్. అతనిని కొంతకాలము ఒక రైతు దంపతుల కడ ఉంచిరి. ఆ దంపతులు శాస్త్రము చదివినవారు కారు. బాలునికి లెక్కపెట్టుట యన్నను, కొలుచుట యన్నను విపరీతమైన పట్టు. వారు దానిని మాన్పింప చూడలేదు. పొలము దున్నుచు మొక్కజొన్న వరుసలను లెక్కింపుమనిరి. నూయి త్రవ్వి లోతు కొలిచి చెప్పుమనిరి. అతడు లెక్కించుచునే దున్నుట నేర్చెను. పిదప అతడు కళాశాలలో పట్టము పొంది, స్వగ్రామమున బ్యాంకులో ఉద్యోగము చేసి, కారు నడిపి, గోల్ఫ్ ఆడి, అనేక దేశములు చూచి, 2023లో 89వ ఏట మరణించెను. అతని కుటుంబము కలిగినది, ఊరు అతనిని ఆదరించినది అనునవియు మరువరాదు. అయినను ఆ రైతు దంపతుల పద్ధతిలో శిక్షణయు ఉన్నది, మన్ననయు ఉన్నది.

తరువాతి కాలము తల్లులకు చీకటి కాలము. బిడ్డకు ఈ స్థితి తల్లి ప్రేమరాహిత్యము వలన కలిగినదను సిద్ధాంతము వ్యాపించెను. బ్రూనో బెట్టెల్‌హైమ్ 1967లో ప్రచురించిన గ్రంథము దానికి మిక్కిలి ప్రచారము తెచ్చెను. ఎందరో తల్లులు చేయని నేరమునకు సిగ్గుపడి జీవించిరి. ఆటిజము గల బాలునికి తండ్రియు, మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడును అయిన బెర్నార్డ్ రిమ్‌లాండ్ 1964లోనే ఒక గ్రంథము వ్రాసి, ఇది జన్మతః నాడీమండలమునకు సంబంధించినదని వాదించి ఉండెను. కాలక్రమమున ఆ మాటయే నిలిచెను.

ఈ సందర్భమున రంగమునకు వచ్చినది ప్రవర్తనా విశ్లేషణ శాస్త్రము. దీనికి మూలపురుషుడు బి.ఎఫ్. స్కిన్నర్. ఎలుకలపైనను, పావురములపైనను ఆయన చేసిన ప్రయోగముల సారాంశము ఇది: ఏ పనికి వెనువెంట మంచి ఫలితము కలుగునో ఆ పని మరల మరల జరుగును, ఏ పనికి ఫలితము లేదో అది క్రమముగా తగ్గును. దీనిని మానవుల నిత్యజీవితమునకు అన్వయించు శాఖకు 1968లో ప్రత్యేకముగా ఒక పత్రిక వెలసెను.

ఈ పద్ధతిలో పెద్ద పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టుదురు. పండ్లు తోముట నేర్పవలెనన్న, బ్రష్షు పట్టుకొనుట ఒక మెట్టు, పేస్టు వేయుట ఒక మెట్టు, నోటిలో పెట్టుకొనుట ఒక మెట్టు. ప్రతి మెట్టునకును బిడ్డకు ఇష్టమైన బహుమానము లభించును. బిడ్డ ఎన్నిసార్లు చేసెనో, ఎన్నిసార్లు తప్పెనో కాగితముపై గుర్తు పెట్టుదురు. బిడ్డ తల గోడకు కొట్టుకొనుచున్నచో, దానికి ముందు ఏమి జరిగినది, తరువాత ఏమి లభించినది అని పరిశీలించి, ఆ పని ద్వారా బిడ్డ ఏమి కోరుచున్నాడో తెలిసికొందురు. ఇందులో మాయ యేమియు లేదు. ఓర్పు, క్రమము, లెక్క ఉన్నవి.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజిలిస్ శాఖలో ఐవార్ లోవాస్ 1960 దశకములో ఈ పద్ధతిని ఆటిజము గల పిల్లలకు అన్వయించెను. ఆ దినములలో ఇట్టి పిల్లలు ఏమియు నేర్వలేరని తలచి పెద్ద పెద్ద ఆశ్రయ గృహములలో జీవితాంతము బంధించి ఉంచెడివారు. వీరును నేర్వగలరని చూపుట లోవాస్ చేసిన మేలు. ఆ మేలును ప్రతిపక్షులును కాదనరాదు. కాని ఆయన కేకలు వేసెను, చెంపదెబ్బలు కొట్టెను, విద్యుదాఘాతములను కూడ ప్రయోగించెను. 1965లో అమెరికా సచిత్రపత్రిక ‘లైఫ్’ ఆ దృశ్యముల ఛాయాచిత్రములను ప్రచురించెను.

1987లో లోవాస్ ప్రకటించిన పరిశోధన ఈ శాస్త్రమునకు కీర్తి తెచ్చినది. 19 మంది చిన్న పిల్లలకు వారమునకు 40 గంటల చొప్పున రెండేండ్లు, అంతకు మించియు శిక్షణ ఇచ్చిరి. వారిలో 9 మంది సాధారణ పాఠశాలలో సాధారణ విద్యార్థులతో సమానముగా చదువగలిగిరని వ్రాసెను. ఈ వార్త తల్లిదండ్రులకు దాహమున దొరికిన నీరయ్యెను. అయితే పిల్లలను రెండు జట్లుగా విభజించుటలో చీటీలు వేసిన రీతి నిష్పాక్షికత లేదనియు, కొందరిపై దండనలును ఉపయోగింపబడినవనియు విమర్శకులు చూపిరి. విమర్శ ఎట్లున్నను, 2019 నాటికి అమెరికాలోని 50 రాష్ట్రములును ఆటిజము చికిత్సకు బీమా సంస్థలు వ్యయమీయవలెనని శాసించెను. ఒక పద్ధతి అట్లు ఒక పెద్ద వృత్తిగా, పరిశ్రమగా పెరిగెను.

ఇక రెండవ సామెత పక్షము. ఇది వైద్యశాలలో పుట్టలేదు. ఆటిజము గల పెద్దల నోటినుండి పుట్టినది. 1993లో టొరంటో నగరమున జరిగిన ఒక మహాసభలో జిమ్ సింక్లెయిర్ తల్లిదండ్రులనుద్దేశించి మాట్లాడెను. మీరు ఆశించిన బిడ్డ రాలేదని దుఃఖింపవచ్చును గాని, ఆ దుఃఖమును వచ్చిన బిడ్డపై మోపవలదనుట ఆ ప్రసంగ సారాంశము. ఆటిజము బిడ్డను కప్పిన తెర కాదు, బిడ్డ ఉండు తీరే అది అని ఆ మాటలలోని భావము. 1998లో ఆస్ట్రేలియా దేశీయురాలు జూడీ సింగర్ తన పరిశోధన వ్యాసములో న్యూరోడైవర్సిటీ అను పదమును వాడెను. నాడీ వైవిధ్యము అని తెలుగులో చెప్పుకొనవచ్చును. ఆ భావము అప్పటికే అనేకుల పరస్పర సంభాషణలలో రూపు దిద్దుకొనుచుండెనని ఇటీవలి పరిశోధకులు తెలిపిరి. అడవిలో అనేక జాతుల వృక్షములుండుట ఎట్లు మేలో, సమాజములో అనేక విధముల మెదడులుండుట అట్లే మేలని వీరి మతము.

2004లో కెనడా దేశపు సర్వోన్నత న్యాయస్థానములో ఒక వ్యాజ్యము విచారణకు వచ్చెను. ఈ ప్రవర్తనా శిక్షణకు ప్రభుత్వమే ధనమీయవలెనని తల్లిదండ్రులు కోరిరి. ఆటిజము గల మిషెల్ డాసన్ అను మహిళ ఆ వ్యాజ్యములో స్వయముగా ప్రవేశించి, శిక్షణ పొందువారి అభిప్రాయమును అడుగకయే వారి మేలును గూర్చి నిర్ణయించుట న్యాయము కాదని వాదించెను. ధనమీయుట ప్రభుత్వమునకు రాజ్యాంగ విధి కాదని న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆ తీర్పు శాస్త్రవివాదమును తీర్చలేదు. కాని అంతవరకు ఎవరి మేలును గూర్చి చర్చ జరిగెనో, వారు కూడ చర్చలో పాల్గొనగలరని లోకమునకు తెలిసినది.

వీరి ఆక్షేపణలు మూడు. మొదటిది లక్ష్యమును గూర్చినది. ఇతర పిల్లలనుండి వేరు తెలియకుండ చేయుటయే గొప్ప విజయమని పూర్వము భావించిరి. చేతులు ఆడించుట, ఊగుట, కన్నులలోకి చూడకుండుట వంటివి ఎవరికి హాని చేయును? ఊగుట వలన బిడ్డకు మనస్సు కుదుటపడును. కన్నులలోకి చూచుట కొందరికి బాధాకరము. చూపరుల సౌకర్యము కొరకు బిడ్డ నెమ్మదిని హరించుట ఏమి చికిత్స? రెండవది మార్గమును గూర్చినది. పెద్దలు చెప్పినదెల్ల చేయుటకు వేలసార్లు అలవాటు పడిన బిడ్డకు, వలదు అని చెప్పు శక్తి నశించును. దుర్మార్గుని చేతిలో పడినప్పుడు ఆ బిడ్డకు రక్షణ ఏది? మూడవది పర్యవసానమును గూర్చినది. తన స్వభావమును దాచుకొని జీవించుటకు నేర్చినవారు పెద్దయైన పిదప మిక్కిలి అలసటకును, కుంగుబాటుకును లోనగుచున్నారని వారు చెప్పుదురు. ఇట్లు దాచుకొనుటకును మానసిక వ్యథకును సంబంధము కలదని ఇటీవలి పరిశోధనలు చూపుచున్నవి.

వీరికి మరియొక బలము లభించినది. ఆటిజము గలవారికి పరుల మనస్సు అర్థము కాదను మాట చాలకాలము చెల్లెను. 2012లో ఇంగ్లండులో డేమియన్ మిల్టన్, తాను స్వయముగా ఆటిజము గలవాడు, ఈ లోపము ఒకవైపుది కాదు, ఇరువైపులది అనెను. వారి మనస్సు ఇతరులకు మాత్రము అర్థమగుచున్నదా అని ఆయన ప్రశ్న. 2020లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో ఒక కథను ఒకరినుండి ఒకరికి చెప్పించిరి. ఆటిజము గలవారి వరుసలోను, లేనివారి వరుసలోను కథ సమానముగా నిలిచెను. ఇరువురిని కలిపిన వరుసలోనే ఎక్కువగా చెదిరెను. భాష రాని ఊరిలో దిగిన ఉద్యోగికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

ప్రవర్తనా విశ్లేషకులు దీనికి ఏమి సమాధానము చెప్పుదురు? నేటి పద్ధతి నాటిది కాదందురు. బల్లముందు కూర్చుండబెట్టి గంటలకొలది చేయించుట తగ్గి, ఆటలో కలిపి నేర్పుట పెరిగినదందురు. విద్యుదాఘాతములను దండనగా వాడుటను తమ అంతర్జాతీయ సంఘమే 2022లో ఖండించినదని చూపుదురు. అది నిజమే. కాని మసాచుసెట్స్ రాష్ట్రములోని ఒక సంస్థలో ఆ సాధనము ఇరువదియొకటవ శతాబ్దములోను వాడుకలో నుండెను. 2020లో ప్రభుత్వము విధించిన నిషేధమును 2021లో న్యాయస్థానము కొట్టివేసెను. ఆ ఖండనము ఆలస్యముగా వచ్చినదని ఉద్యమకారులు ఎత్తిపొడుచుటలో ఆశ్చర్యము లేదు.

విశ్లేషకుల పక్షమున మరియొక గట్టి మాట కలదు. అది కొందరు తల్లిదండ్రుల మాట. తన చేతిని తాను నెత్తురు కారునట్లు కొరుకుకొను బాలుడు, చూపు తప్పిన క్షణమున రహదారిపైకి పరుగెత్తు బాలిక, ఇరువది ఏండ్లు వచ్చినను మలమూత్ర విసర్జనకు తల్లిపై ఆధారపడు యువకుడు: వీరి విషయములో వైవిధ్యమను మాట ఏమి ఓదార్పునిచ్చును? వేదికలెక్కి ఉపన్యసింపగలవారు, నోరులేని వీరి తరఫున ఎట్లు మాట్లాడగలరు? 2021లో లాన్సెట్ పత్రిక నియమించిన సంఘము ఇట్టి తీవ్రస్థితి గలవారిని ప్రత్యేకముగా గుర్తింపవలెనని సూచించెను. దీనికి ఉద్యమకారుల ప్రత్యుత్తరము: తీవ్రస్థితి గలవానికి మరింత సహాయము కావలెననుట సత్యమే, మరింత లొంగుబాటు కావలెననుట మాత్రము కాదు. మాట రానివానికి బొమ్మల అట్టలు, పలుకు యంత్రములు ఇచ్చి, తన కోరికను తెలుపు దారి చూపినచో కొరుకుటలోను, కొట్టుకొనుటలోను ఎంతో భాగము తగ్గునని వారందురు. విచిత్రమేమనగా, ఈ చివరి మాటను మంచి ప్రవర్తనా విశ్లేషకుడును అంగీకరించును.

ఇక సాక్ష్యము మాట. 2018లో ప్రకటింపబడిన ఒక సమీక్ష, బాల్యములోనే ఇచ్చు తీవ్రమైన ప్రవర్తనా శిక్షణపై ప్రమాణములకు నిలిచిన పరిశోధనలు 5 మాత్రమే యనియు, వానిలోని పిల్లలు 219 మంది యనియు, కొంత మేలు కనబడుచున్నను సాక్ష్యము బలహీనమనియు తేల్చెను. 2020లో 150 పరిశోధనలను కలిపి చూచిన మరియొక సమీక్ష, గట్టి ప్రమాణములతో చూచినచో, ఆటలలో, సహజమైన సంభాషణలలో కలిపి నేర్పు పద్ధతులకు ఎక్కువ ఆధారము కలదనెను. చికిత్స వలన బిడ్డకు హాని ఏమైన కలిగెనా అను ప్రశ్నను పరిశోధకులు అడుగుటయే అరుదని కూడ తేలినది. ఔషధమునకు తప్పని ఈ పరీక్ష శిక్షణకు ఏల తప్పవలెను? 2016లో గోవాలోను, పాకిస్తానులోని రావల్పిండిలోను 65 మంది పిల్లలపై జరిగిన పరిశోధన మనకు మిక్కిలి ఉపయుక్తము. అందు నిపుణులు కాని సామాన్య కార్యకర్తలు, బిడ్డ చేయునది గమనించి దానికి అనుగుణముగా స్పందించుట తల్లిదండ్రులకు నేర్పిరి. బిడ్డలు తామై పలుకరించుట పెరిగెను. ఇచ్చట శిక్షణ మొదట పెద్దలకు జరిగినదని గమనింపదగును.

మన దేశములో ఈ విషయమున శ్రద్ధ ఆలస్యముగా కలిగినది. ఢిల్లీలో తల్లిదండ్రుల ప్రయత్నముతో ‘యాక్షన్ ఫర్ ఆటిజమ్’ 1991లో ఆరంభమయ్యెను. 1995 నాటి వికలాంగుల చట్టములో ఆటిజము పేరు లేదు. 1999లో జాతీయ న్యాస చట్టములో చేరినది. 2016 నాటి చట్టము దానిని 21 వైకల్యములలో ఒకటిగా గుర్తించెను. సికింద్రాబాదులో 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థ రూపొందించిన 40 అంశముల పరీక్షాపత్రము దేశమంతట వాడుకలోనికి వచ్చుట తెలుగు నేలకు సంతోషకరము. 2016 చట్టము ప్రభుత్వోద్యోగములలో వైకల్యము గలవారికి 4 శాతము స్థానములను కేటాయించినది. అందు 1 శాతములో ఆటిజము గలవారికిని పాలు కలదు.

కేంద్ర ప్రభుత్వోద్యోగులు తెలిసికొనదగిన సంగతులు రెండు కలవు. మహిళా ఉద్యోగులకును, ఒంటరి తండ్రులకును లభించు 730 దినముల శిశు సంరక్షణ సెలవునకు సాధారణముగా బిడ్డకు 18 ఏండ్ల పరిమితి కలదు. 40 శాతమునకు తక్కువ కాని వైకల్యము గల బిడ్డ విషయములో ఆ పరిమితి లేదు. అట్టి బిడ్డను సంరక్షించు ఉద్యోగికి, పాలనావసరములకు లోబడి, సాధారణ బదిలీలనుండి మినహాయింపు ఈయవచ్చునని 2014 నాటి ఉత్తర్వు తెలుపుచున్నది. 2018లో దానిని విస్తరించిరి. అలవాటైన వీధి, అలవాటైన బడి మారినచో తల్లడిల్లు బిడ్డకు ఈ కాగితము ఒక చికిత్సతో సమానము. అయినను సిగ్గు చేతనో, అజ్ఞానము చేతనో దీనిని అడుగనివారు ఉన్నారు. వైకల్య ధ్రువపత్రము తీసికొనుట బిడ్డకు మచ్చ కాదు.

తెలుగువారికి ప్రత్యేకముగా చెప్పదగినది భాషను గూర్చి. ఇతర రాష్ట్రములలో నివసించు కుటుంబములకు కొన్నిచోట్ల ఒక సలహా లభించును: బిడ్డకు మాట ఆలస్యమైనది గనుక ఇంటిలో తెలుగు మాని, ఇంగ్లీషో హిందీయో ఒకటే మాట్లాడుడు అని. ఇది మేలు తలచి చెప్పిన మాటయే కావచ్చును. కాని రెండు భాషలు వినుట వలన ఆటిజము గల బిడ్డకు భాష మరింత వెనుకబడునని పరిశోధనలలో తేలలేదు. ఇంటిలో తెలుగు మానినచో జరుగునదేమి? అమ్మమ్మ మూగదగును. తల్లి తనకు రాని ఇంగ్లీషులో నాలుగు ముక్కలు పలికి ఊరకుండును. ఉయ్యాలపాట ఆగిపోవును. బిడ్డకు మాటలు కావలెనని చేసిన పనియే ఇంటిలోని మాటలను తగ్గించును. ఇరుపక్షముల వారును ఈ ఒక్క విషయములో ఏకీభవింపవచ్చును: బిడ్డకు భాష అనురాగముతో కూడి అందవలెను, ఆ అనురాగము ఏ భాషలో ధారాళమగునో ఆ భాషయే తగినది.

కావున ఏ శిక్షణకైనను బిడ్డను పంపుటకు పూర్వము తల్లిదండ్రులు కొన్ని ప్రశ్నలు అడుగవలెను. ఈ లక్ష్యము బిడ్డ సుఖమునకా, చూపరుల సుఖమునకా? బిడ్డ వలదన్నప్పుడు ఏమి చేయుదురు? తల్లిదండ్రులు లోపల కూర్చుండి చూడవచ్చునా? ఆకలి, భయము, బెదిరింపు ఇందులో సాధనములుగా ఉన్నవా? వారమునకు ఇన్ని గంటలు శిక్షణయైనచో ఆటకు, నిద్రకు, తాతతో షికారునకు మిగులు సమయమెంత? నయమగునని హామీ ఇచ్చుచున్నారా? ఈ చివరి ప్రశ్నకు ఔనని సమాధానము వచ్చినచో చెప్పులు తొడిగికొని ఇంటికి వచ్చుట మేలు.

రెండు సామెతలలో దేనిని విడువవలెను? దేనిని విడువ పనిలేదు. దేని చోటు దానికి తెలిసినచో చాలును. రహదారి దాటుట, ఆకలిని తెలుపుట, తనను తాను గాయపరచుకొనకుండుట, శుభ్రముగా నుండుట మొక్కగా నున్నప్పుడే నేర్పవలసినవి. చేతులు ఆడించుట, ఒంటరిగా ఆడుకొనుట, రైలుబండ్ల వేళలు కంఠస్థము చేయుట పుర్రెకొక బుద్ధిలోనివి. తీగకు పందిరి వేయుట వేరు. తీగను మానుగా మార్చబూనుట వేరు. పందిరి లేని తీగ నేలపాలగును. మానుగా మార్చబూనిన తీగ విరుగును.

చివరకు సంఘము చేయదగిన పని ఒకటి కలదు. పండుగ సభలలో ధ్వనివర్ధకముల మ్రోతకు చెవులు మూసికొని ఏడ్చు బిడ్డను ఎత్తుకొని, నలుగురి చూపులకు తలవంచి, తల్లిదండ్రులు వెడలిపోవుట జరుగుచుండును. మరుసటి యేడు వారు రారు. వచ్చు ఉగాది సభకు ధ్వనిని కొంత తగ్గించి, ప్రక్కన నిశ్శబ్దమైన గది ఒకటి ఏర్పరచి, ఆ కుటుంబములను పేరుపేరున ఆహ్వానించినచో వ్యయము స్వల్పము. ఆ బిడ్డ వేదికకు వీపు త్రిప్పి ఊగుచు కూర్చున్నను, వచ్చినవారిలో ఒకడుగా లెక్కింపబడును. శాస్త్రజ్ఞుల వివాదము తీరువరకు దీనికొరకు వేచియుండ పనిలేదు.